ఐదు వందలకు అసలు జైలు

సంగారెడ్డి పాత జైల్లో ఒక రోజు ఉండి చూడాలంటే 500 రూపాయలు కట్టాలని జైళ్ల శాఖ 2016లో పథకం పెట్టింది. 1796 నాటి కట్టడం. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, గ్లాసు, సబ్బు చేతికిచ్చి, జైలు కూడే పెట్టి, ఇరవై నాలుగు గంటలు కాగానే వదిలేసేవారు. పైసలిచ్చి మరీ జైలుకెవరు పోతారని అప్పట్లో అందరూ నవ్వారు.

పోతారండీ, క్యూ కట్టి పోతారు. కాకపోతే సంగారెడ్డి దాకా రారు. సొంత పడకగదిలో, సొంత అన్నం తిని, సొంత ఫోను ముందు చేతులు కట్టుకుని కూచుంటారు. రుసుము మాత్రం లక్షల్లో. పోలీసు వేషం కట్టిన దొంగ వీడియో కాల్లో చేసే ఈ బందిఖానానే డిజిటల్ అరెస్టు అంటున్నారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని స్వయంగా చెప్పారు. అప్పటికే ఆ ఏడాది మొదటి నాలుగు నెలల్లోనే ఈ లేని అరెస్టుకు జనం కట్టిన సొమ్ము 120 కోట్లు దాటింది.

మన సంగారెడ్డి ఫ్యాక్టరీల బెల్టులో దొంగకు పని మరీ సులువు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, భానూరులో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. ముప్పై ఏళ్లు సైరనుకు లేచి, గేటు దగ్గర యూనిఫాం వేసుకున్నవాడు అడిగితే టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూపించిన మనుషులు. వాళ్లకు ఫోన్లో ఖాకీ చొక్కా కనబడితే చాలు, చెయ్యి దానంతటదే గుర్తింపు కార్డు కోసం జేబులోకి పోతుంది. ఎదుటివాడి కార్డు అడగాలని మాత్రం తోచదు. అడగడం నేర్పలేదు మరి, చూపించడమే నేర్పాం.

"మీ ఆధార్ మీద పార్శిల్ దొరికింది. అందులో డ్రగ్స్ ఉన్నాయి. కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు."

"సార్, బీపీ గోలీ ఏసుకుంట సార్?"

పాశమైలారం, బొల్లారం ప్రైవేటు కంపెనీల్లో చేసి దిగిపోయిన వాళ్లకు ఈ అరెస్టు యోగం కూడా లేదు. ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలే కదా, వాళ్ల కోసం ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించినా గిట్టుబాటు కాదు. వాళ్లకు లింకు పంపుతారు: "లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యకుంటే పింఛను బందైతది." బతికే ఉన్నామని ఏటా వేలిముద్రతో రుజువు చేసుకునే ముసలాయనకు అందులో వింతేముంది? సర్కారు అడిగేదే దొంగా అడుగుతున్నాడు. వాడే కాస్త మర్యాదగా, అయ్యా అని పిలిచి మరీ అడుగుతాడు.

హెచ్చరికలకు కొదవ లేదు. ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల ట్యూను మోగేది. ఏర్పాటు బాగుంది. మనం ఫోన్ చేస్తే మనకు వినపడేది. దొంగ మనకు చేసినప్పుడు వినపడితే వాడికే వినపడాలి!

ఇక పిల్లలు. డాలస్ నుంచి కొత్త ఫోను పంపిస్తారు. నాన్న పెట్టే గుడ్ మార్నింగ్ గులాబీలకు జవాబు పెట్టడానికి మాత్రం వాళ్లకు టైముండదు. బొంబాయి క్రైం బ్రాంచి ఆఫీసరుకు ఉంటుంది. మూడు రోజులు లైన్లోనే ఉంటాడు. తిన్నారా, పడుకున్నారా అని కనుక్కుంటాడు, ఎఫ్‌డీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఓపిగ్గా రాసుకుంటాడు. అన్ని వివరాలు కొడుక్కి కూడా తెలియవు.

నవ్వు ఇక్కడితో ఆపాలి. 2025 సెప్టెంబరులో హైదరాబాదులో 76 ఏళ్ల రిటైర్డు ప్రభుత్వ వైద్యురాలిని ఇలాగే దాదాపు మూడు రోజులు ఫోన్లో బంధించి 6.6 లక్షలు గుంజారు. ఆ ఒత్తిడిలో ఆమె గుండె ఆగిపోయింది. ఆమె పోయాక కూడా ఆ ఫోనుకు మెసేజులు వస్తూనే ఉన్నాయి.

పోలీసులు వీడియో కాల్లో అరెస్టు చెయ్యరు, కేసు మాఫీకి డబ్బు వేయించుకోరు. అలాంటి ఫోనొస్తే పెట్టేయండి. డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచకండి. సొమ్ము ఖాతాలు మారిపోకముందే 1930కి ఫోన్ చేయండి. ఈ ముక్క ఈ రాత్రికే అమ్మానాన్నలకు చెప్పండి, వాట్సాప్‌లో ఫార్వర్డు చేసి కాదు, ఫోన్ చేసి.