మేనమామ చదివింపు

డాలస్‌లో ఉండే మా బావమరిది 2010లో పిల్లలకు డిస్నీ వరల్డ్ చూపిస్తానని ఆర్లాండో తీసుకెళ్లాడు. తొంభై నిమిషాలు కూర్చుని మేం చెప్పేది వింటే టికెట్లు ఊరికే ఇస్తాం అన్నారట ఓ రిసార్టు వాళ్లు. ఆ తొంభై నిమిషాలు నాలుగు గంటలైంది. ఒకడు లేస్తే ఇంకొకడు, వాడు లేస్తే వాడి మేనేజరు. వచ్చినవాడల్లా కాగితం మీద పాత ధర కొట్టేసి కొత్త ధర రాయడమే. పిల్లలు ఆకలని ఏడుపు. ఆఖరికి 18,000 డాలర్లకు సంతకం పెట్టి బయటపడ్డాడు.

ఏటా సెప్టెంబరులో ఒక్క వారం ఆ రిసార్టులో ఓ ఫ్లాటు మావాడిది. అప్పుడు పిల్లలకు బడి, ఫ్లోరిడాకు తుపాన్లు. వెళ్లినా వెళ్లకపోయినా మెయింటెనెన్సు కట్టి తీరాలి. మొదట 600, ఇప్పుడు 1,300 డాలర్లు. సంతకం పెట్టిన 10 రోజుల్లోగా వద్దని ఉత్తరం రాస్తే డబ్బు వాపసు, అది ఫ్లోరిడా చట్టం. ఆ సంగతి మావాడికిచ్చిన కాగితాల్లోనే ఉంది. మావాడు ఆ కట్ట విప్పింది మూడో వారంలో.

"తరతరాల ఆస్తి బావా, నా తర్వాత నా కొడుక్కే" అని మొదట్లో మురిసేవాడు. పోనుపోను అదే మాట ఏడుపు గొంతుతో అనేవాడు. రిసార్టు వాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. నెట్‌లో 1 డాలరుకు పెడితే పలకరించిన వాడు లేడు.

మొన్న మా అమ్మాయి పెళ్లి. పిల్లా అల్లుడూ అట్లాంటాలో ఉద్యోగాలు. చదివింపుల దగ్గర మావాడు మైకు అందుకున్నాడు.

"నా మేనకోడలికి నా కానుక, ఆర్లాండోలో నా ఫ్లాటు!"

పందిరంతా చప్పట్లు. మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. పిల్లలిద్దరూ తలంబ్రాలు దులుపుకుంటూనే పేరు మార్పు కాగితాల మీద సంతకాలు గిలికేశారు. ఏటేటా వచ్చే బిల్లు కూడా కాపురానికి వెళ్తోందని అంతమందిలో ఎలా చెప్పను?

"ఎంతని రాయమంటారండీ?" అన్నాడు చదివింపుల పుస్తకం రాసే కుర్రాడు.

"18,000 డాలర్లు" అన్నాడు మావాడు, తడుముకోకుండా.

వచ్చే మాఘంలో వాళ్లబ్బాయి పెళ్లి. నిన్న మా ఆవిడ బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, వేలితో వరస పట్టుకుని చూసింది.

"మా తమ్ముడు చదివించిన దాంట్లో ఒక్క రూపాయి తగ్గినా ఒప్పుకోను" అంటోంది.