ఉపసర్పంచ్ ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

మూలము: “ఉపసర్పంచ్‌గా అఖండ విజయం సాధించిన పేదల పెన్నిధి, అభివృద్ధి ప్రదాత, మా అన్నకు హార్దిక శుభాభినందనలు. ఇట్లు, అన్న యూత్.” (2025 డిసెంబరు తెలంగాణ పంచాయతీ ఎన్నికల పిమ్మట, గద్వాల సీమలో గట్టు దారిలోని ఒక ఊర.)

టీక: సులభ పదములను చదువరికి విడిచితిమి. ‘అఖండ’ యనుచోట మాత్రము ఆగవలెను. సర్పంచిని ఊరంతయు ఓటు వేసి గెలిపించును. ఉపసర్పంచి నెన్నుకొనువారు వార్డు మెంబర్లు. పది వార్డుల ఊర ఆరు చేతులు లేచిన అఖండమే. ఆ చేతులు అంతదాక క్యాంపులో భద్రముగా నుండెననుట ధ్వని.

విశేషము: ఈ సీమకు ‘విద్వద్గద్వాల’ యని పేరు. అవధానులైన తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వచ్చిరి. శతావధానమన సామాన్యమా! నూర్గురు పృచ్ఛకులు. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు వర్ణన మడుగును. మొదటి విడత అందరికి తలా ఒక పాదమే. నాలుగు విడతలు తిరిగి పద్యములు పూర్తియైన పిదప, కాగితము ముట్టక అన్నిటిని వరుసగా అప్పజెప్పవలెను. నడుమ ఒక్క గణము తప్పెనా, సభలో పెద్దలు ఊరకుందురా? ఇంత జరిగినగాని శాలువ భుజమునకు రాదు. అన్నను ‘అభివృద్ధి ప్రదాత’ యనుటకు పృచ్ఛకు లెవ్వరు? బిరుదు ఫ్లెక్సీ షాపు కంప్యూటరులో ముందే సిద్ధము. ఫొటో మార్చిన చాలును.

ఆక్షేపము: ‘ఉప’ పదవికింత ఆర్భాటమేల?

సమాధానము: హైదరాబాదున పుట్టి, అమెరికాలో రవాణా శాఖ ఇంజినీరుగా చేసిన మన అరుణా మిల్లర్, కాట్రగడ్డవారి ఆడపడుచు, 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా, అనగా ఉప గవర్నరుగా, ఎన్నికైరి. అక్కడ గవర్నరుతో జోడీగా పోటీ, ఇద్దరికీ కలిపి ఒకటే ఓటు. గవర్నరు అప్పగించిన పనియే ఆమెకు పనియని ఆ రాష్ట్ర రాజ్యాంగము. మా అన్న అంతకు మించినవాడు. 2018 పంచాయతీరాజ్ చట్టముతో చెక్కు మీద సర్పంచి సంతకము పక్కన ఆయన సంతకము కూడ పడవలసి వచ్చె. ఇద్దరికి చెడెనా, చెక్కు ఆగును. చెక్కు ఆగితే (గ్రాంథికం ఇక నా వల్ల కాదు) మోరీలు తీసే సఫాయి కార్మికుడి జీతం ఆగుతుంది. “సంతకం పెట్టన్నా” అని రెండిళ్ల చుట్టూ వాడు తిరగాలె. “ఆయన పెడితే నేను పెడత” అని ఈయన, “ముందుగాల ఆయన్ను పెట్టమను” అని ఆయన. పేదల పెన్నిధి!

పాఠాంతరము: ఫ్లెక్సీ కట్టిన గోడ మీద పంచాయతీ జమాఖర్చుల బోర్డు ఉంది. వ్యాఖ్యాత దాన్నే ముందు చదవాలనుకున్నాడు. అన్న నవ్వుతున్న మొహం పక్క నుంచి ‘మొత్తం రూ.’ అన్నంత వరకే కనబడింది.