ఒక బల్లవీపునకు టీకాతాత్పర్యములు

అవతారిక. కోస్తా జిల్లాలలో ఏ మునిసిపల్ పట్టణమునకేగినను, బస్సు ఆగుచోటను, పార్కు గేటు ప్రక్కను, ఆసుపత్రి ప్రహరీ నీడను, ముగ్గురు సుఖముగను నలుగురు సర్దుకొనియు కూర్చుండదగిన సిమెంటు బల్లలు కాననగును. ఇనుపచువ్వలు పెట్టి అచ్చులో పోసిన పోత, ఇంచుమించు ఆరడుగుల పొడవు, ఇరుప్రక్కల బలిసిన కాళ్లు, అడుగున్నర వీపు, ఆ వీపుపై అక్షరములు, అక్షరములకు నీలమో ఎరుపో రంగు: ఇదియే తల్లక్షణము. ఆ అక్షరములు ఒకప్పుడు కేవలము స్మృతివాక్యములుగా నుండెడివి. కీర్తిశేషులైన తండ్రిగారి పేరు, దానిక్రింద జ్ఞాపకార్థమను మాట, దానిక్రింద దాతలైన కుమారుల పేర్లు వయఃక్రమమున. పిమ్మట బట్టలకొట్లవారును బంగారుకొట్లవారును తండ్రుల పేర్లకు మారుగా కొట్ల పేర్లు వ్రాయించి, చివర సౌజన్యమను పదమును తగిలించి, దానమును ప్రకటనమును ఒక్క అచ్చులోనే పోయించుట నేర్చిరి. పేరు వ్రాయించుకొనుటకై బల్ల వేయించువాడు మొదటి మెట్టుపై నిలిచినవాడు. పేరు వ్రాయించుకొనగోరువానికి చోటు అద్దెకిచ్చువాడు రెండవ మెట్టునెక్కినవాడు. పత్రములన్నియు ఫోనులోనే చూపు కాలము వచ్చుటచే కాపీల వ్యాపారము సన్నగిల్లగా, వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడగునని తలచి, ఈ రెండవ మెట్టుపై మా యూరి జిరాక్సు కొట్టు యజమాని పాదము మోపెను. ఆయన తన కొట్టునకు ఎదుటి రోడ్డు అంచున స్వంత వ్యయముతో నాలుగు బల్లలు వేయించి, వానిలో మొదటిదానిపై ఈ క్రింది వాక్యద్వయమును వ్రాయించెను.

మూలము. "ప్రకటనల కొరకు ఈ స్థలము అద్దెకు ఇవ్వబడును. ఎదుటి జిరాక్సు షాపులో సంప్రదించగలరు."

టీక. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టి పంచమహాకావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మనవాడే; ఆయన యూరు మెదకు జిల్లాలో నేటికిని కొల్చారమను పేర నున్నది. ఆ ప్రతినలో మొదటి సగమును నేను పాటింపగలను. రెండవ సగమును పాటించితినా, ఈ వ్యాసము ఇచ్చటనే ముగియును.

ప్రకటనల కొరకు: బహువచనము సాభిప్రాయము. బల్లకొక ప్రకటన చాలునని తలచువాడు లోకజ్ఞానము లేనివాడు. వీపునకు ముందువెనుకలు రెండు, కాళ్లకు బయటి పార్శ్వములు రెండు, వెరసి నాలుగు స్థానములు; ఆసనఫలకమును మాత్రము గౌరవార్థము విడిచిరి. అద్దెకు: విక్రయము కాదు, నెలవారీ. ఇవ్వబడును: ఇచ్చట కొంత నిలువవలసియున్నది.

ఇచ్చువాడెవడు? తెలుగువాడు తన వస్తువును తానిచ్చునపుడు ఇత్తుననును, ఇస్తామనును. ఇవ్వబడునన్నాడన్న, కచేరీలో పనిచేసినవాడైన కావలెను, కచేరీకి జంకువాడైన కావలెను. స్థలము రోడ్డుది, రోడ్డు మునిసిపాలిటీది, కావున కర్త మునిసిపాలిటీయే యని పూర్వపక్షము. అట్లయినచో అద్దె మునిసిపాలిటీ ఖజానాకు చేరవలెను. అది జిరాక్సు కొట్టు సొరుగునకు చేరుచుండుట లోకప్రత్యక్షము. కాదు, బల్ల ఆయన డబ్బుతో వేయించినది, కావున వీపును ఆయనదే యని మరియొక పక్షము. కాని బల్లలు వేయుటకు అనుమతి కోరుచు పెట్టుకొన్న అర్జీలో పట్టణ ప్రజలకు వానిని ఉచితముగా సమర్పించుచున్నానని ఆయనయే వ్రాసి చేవ్రాలు చేసెను. ఆవును దానమిచ్చి పొదుగును తనకడ నుంచుకొనుట ఏ ధర్మశాస్త్రమును ఎరుగనిది. ఈ రెండు పక్షములకును చిక్కకుండుటకే కర్తను వాక్యమునుండి తప్పించి కర్మణిప్రయోగము నాశ్రయించెనని సిద్ధాంతము. వ్యాకరణము ఇంత లాభదాయకముగా వినియోగపడిన తావు మరియొకటి నేను చూచియుండలేదు.

ఈ స్థలము: ఏ స్థలము? మూలము వీపునకు ముందువైపున నున్నది గనుక ముందువైపే యని సామాన్యులు భ్రమింతురు. మొదట భ్రమించినవాడు మా యూరి బంగారుకొట్టు యజమాని. ఆయన నెలకు మూడువందల చొప్పున ముందువైపును పుచ్చుకొని, పాత బంగారము కొనబడును అని మూడు మాటలు జానెడేసి యక్షరములతో వ్రాయించెను. ముందువైపు అక్షరములు బల్ల ఖాళీగా నున్నంతసేపే కనబడునని ఆయనకు తోచలేదు. విశ్రాంత ఉపాధ్యాయులొకరు ప్రతి సాయంకాలము వచ్చి ఆ బల్ల నట్టనడుమ ఆసీనులగుట అలవాటు. కండువా కప్పిన వారి వీపు బంగారమును సంపూర్ణముగా కప్పివేయుటచే, ఎడమప్రక్కను పాత అనియు, కుడిప్రక్కను కొనబడును అనియు, నడుమ మాస్టారును నిలిచిరి. దారిన పోవువారు దీనిని చదివి నవ్వుకొనుచు పోవుచుండగా, వారందరు తన పూర్వశిష్యులై యుందురని తలచి ఆయన చేయెత్తి దీవించుచుండెడివారు. ఒక నెల గడిచినను పాత బంగారము తెచ్చినవాడొక్కడును లేకపోవుటచే కొట్టు యజమాని అద్దె నిలిపివేసెను.

ఇందుచే తేలిన పరమార్థమేమన, ఈ వృత్తిలో కూర్చుండువాడు ప్రకటనకు శత్రువు. పదిమంది కూర్చుందురన్న ఆశతో అద్దె పుట్టును. పదిమందియు నిజముగా కూర్చున్ననాడు అద్దె చచ్చును. ఎవరును కూర్చుండని బల్ల ఎవరును పోని చోట నుండును గనుక, అట్టి బల్లను అద్దెకు పుచ్చుకొనువాడును లేడు. ఈ విరోధమును పరిహరించుటకు జిరాక్సు కొట్టు యజమాని చేసిన యుక్తి నన్ను కొన్నిదినములు ఆశ్చర్యమున ముంచినది. ఆయన ఒక రాత్రి కూలీలను పిలిపించి, నాలుగు బల్లలను పెకలించి, వానిముఖములు ప్రహరీగోడవైపునకును, వీపులు రోడ్డువైపునకును మరలునట్లు తిరిగి పాతించెను. ముందువైపు ధర మూడువందలుగనే యుండ, వెనుకవైపు ధర ఐదువందలయ్యెను. ట్యూషను సెంటరువారొకరు, కళ్లజోళ్లవారొకరు, కర్రీ పాయింటువారొకరు వెంటనే పుచ్చుకొనిరి. సిగ్నలు వద్ద ఆగిన ఆటోలవారును, మోటారుసైకిళ్లవారును వేరు గతి లేక వానిని చదువుచుందురు.

బల్ల మరలెను గాని బస్సు మరలలేదు. వచ్చు బస్సును చూడగోరువారు ఇపుడు గోడకెదురుగా కూర్చుండి మెడను వెనుకకు త్రిప్పుకొనవలసివచ్చినది. వెనుకటి మాస్టారు ఈ సంగతినే విన్నవింపగా, జిరాక్సు కొట్టు యజమాని నొచ్చుకొనక, "బస్సొస్తే హారన్ కొడతాడు కదండీ మాస్టారూ, వినబడదా?" అనెను. వినబడుననియే మాస్టారు ఒప్పుకొనిరి. ఎదుటి గోడ ఇన్నాళ్లు ఎవరి కంటను బడని గోడయగుటచే దానికి విలువ లేకుండెను. ఇపుడు రోజంతయు దానినే చూచుచు కూర్చుండువారు ఏర్పడుటచే, దాని విషయమైకూడ ఆయన మునిసిపల్ కార్యాలయమునకు అర్జీ పెట్టినట్లు వినికిడి.

శాస్త్రనిర్ణయము. ప్రకటనలపై పన్ను వేయు నధికారము పూర్వము రాష్ట్రజాబితాలోని 55వ పద్దుచే సంక్రమించియుండెను. ఆ పద్దును 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణము తొలగించినది. పన్ను పోయినది గాని అనుమతి పోలేదు, అనుమతికి రుసుమును పోలేదు. పొరుగున తెలంగాణమున 2020లో వెలువడిన ఉత్తర్వు నేలనుండి 15 అడుగుల యెత్తు మించి ప్రకటనఫలకములు కూడవన్నది. మూడడుగులైన లేని బల్లవీపు ఆ లెక్కన పరమ వినయశీలము. ఇక జీఎస్టీ. సేవలవలన ఏటికి 20 లక్షలు మించని వ్యాపారికి సామాన్యముగ నమోదు అక్కరలేదు. రెండు వైపులును కలిసి బల్లకు ఏటికి 9,600 రూపాయలు. ఆ పరిమితిని దాటవలెనన్న 209 బల్లలు కావలెను. బల్లకు ముగ్గురు చొప్పున 627 మంది కూర్చుండవలెను. మా యూరిలో తీరికగల జనమునకు కొదవలేదు గాని, అంతమంది గోడకెదురుగా కూర్చుండుటకు సమ్మతింతురా యన్నది సందేహము.

పాఠాంతరములు. ఈ వృత్తిలో పాఠశుద్ధి మిక్కిలి కష్టము. తెల్లరంగు ఒక్కపూతయే పూసి దానిపై క్రొత్త ప్రకటన వ్రాయుట పెయింటరు అలవాటు. ఒక వానకాలము గడచుసరికి అడుగుపాఠము పైకి తేలును. పార్కులో నున్న ఒక పాత బల్లను నేను దగ్గరగా పరిశీలించితిని. అడుగున నలుపుతో కీర్తిశేషులు, వారి జ్ఞాపకార్థము; పైన ఎరుపుతో మొలలకు ఆపరేషన్ లేకుండ చికిత్స. రెండును సమానముగ వెలిసియుండుటచే, పైపాఠమును అడుగుపాఠమును కలిపి చదివినవానికి, ఆ పెద్దమనిషి ఏ రోగముతో గతించెనో, ఆయన కుమారులు ఏ వైద్యమును ఎవరి పేర స్థాపించిరో ఒక కథ తనంతట తానే అల్లుకొనును. ఆ కుమారులలో పెద్దవాడు దీనిని చూచి ఆగ్రహించెను, పెయింటరు రెండవ పూతకు డబ్బెవరిస్తారని యడిగెను, ఆగ్రహము చల్లారినది. పూర్వపు రాజులు శిలాశాసనము చివర, ఈ దానమును హరించినవాడు అరువదివేలేండ్లు పురుగై పుట్టునని శాపము చెక్కించెడివారు. సిమెంటు బల్లలపై అట్టి శాపము చెక్కించు దాతను నేనింకను ఎరుగను. చెక్కించినను ఆ వరుసపై పోస్టరంటించుటకు మన ట్యూషను సెంటరువారు జంకుదురని నమ్మకము లేదు.

శేషము. ఎన్నికల ప్రకటన వెలువడినంతనే ప్రవర్తనానియమావళి అమలులోనికి వచ్చును. బహిరంగస్థలములయందలి నాయకుల పేర్లను కప్పుట సిబ్బంది విధి. మా యూరి బల్లలకు ఆవలనే పార్లమెంటు సభ్యుని నిధులతో వేయించిన బల్లయొకటి గలదు. మైదాపిండి జిగురు బకెట్టుతో వచ్చిన సిబ్బంది ఆ బల్ల ఏదో ఈ బల్ల ఏదో విచారింపక, వరుసలోనున్న ఐదింటి వీపులకును ముందువెనుకల కాగితములంటించి పోయిరి. కళ్లజోళ్లవారును కర్రీ పాయింటువారును ఆ నెలల అద్దె తగ్గింపవలెనని పట్టుబట్టగా, జిరాక్సు కొట్టు యజమాని, స్థలము ఇవ్వబడినదే గాని కనబడునని తానెన్నడును అనలేదనియు, అడ్వాన్సు తిరిగి ఈయబడదనియు, మరల కర్మణిప్రయోగముననే బదులు చెప్పెను.