పాడు కొట్టు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కర్నూలు నుండి శ్రీశైలము పోవు దారిలో, నల్లమల అంచున ఆత్మకూరను పట్టణము గలదు. 2022 ఏప్రిల్ 4 నాటి విభజనచే ఇది కర్నూలు జిల్లాను వీడి నంద్యాల జిల్లాలో చేరినది. ఊరి తలనొప్పులు, కడుపునొప్పులు మాత్రము జిల్లాతో బాటు మారలేదు. చుట్టుపల్లెలవారు, చెంచుగూడెములవారు, ఉగాదికి మల్లన్న కడకు కాలినడకన పోవు కన్నడ భక్తులు, అందరికిని మందుల కొట్టే మొదటి ఆసుపత్రి. ఆ కొట్టులో నిలువవలసినది ఎవరో, ఆ మనిషి ఎట్లు తయారగునో చెప్పుటకు పుట్టినది ఈ ఆటవెలది. కవియు వ్యాఖ్యాతయు ఒక్కడే యగుటచే అర్థభేదము వచ్చునను భయము లేదు.

మూలము

ఇంటరైన వెనుక నేండ్లు రెండు చదివి
మందు పేరు తెలిసి మాత్ర లెంచి
చీటి రాసినోడి చేవ్రాలు చదివేటి
వాడు లేని కొట్టు పాడు కొట్టు.

ప్రతిపదార్థము

ఇంటరైన వెనుక = ఫిజిక్సు, కెమిస్ట్రీలతో బాటు బయాలజీ గాని లెక్కలు గాని చదివి ఇంటర్మీడియట్ దాటిన పిమ్మట. 'నీటు రాని వెనుక' అని పాఠాంతరము. అందు యతి మరింత చక్కగా కుదిరినను గ్రాహ్యము కాదు. వైద్యవిద్యకు ప్రవేశపరీక్షయగు నీట్ జోలికే పోక ఈ చదువును కోరి వచ్చినవారును గలరు గనుక.

ఏండ్లు రెండు = డీఫార్మసీ యను డిప్లొమా కాలము. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2020లో దిద్దిన నిబంధనల ప్రకారము మొదటి ఏడు ఫార్మాస్యూటిక్స్, కెమిస్ట్రీ, మొక్కల మందుల శాస్త్రమగు ఫార్మకాగ్నసీ, శరీర నిర్మాణము, సోషల్ ఫార్మసీ. రెండవ ఏడు ఫార్మకాలజీ మొదలు చట్టము, నీతి వరకు ఆరు. అటుపిమ్మట మూడు నెలలకు తగ్గకుండ 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగు. అందు సగము చీటి చూచి మందిచ్చుటకే. గణములు చాలక కవి ఈ మూడు నెలలను మ్రింగినాడు. విద్యార్థి మ్రింగరాదు.

చదివి = పొద్దున్నే ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కి నంద్యాలకో కర్నూలుకో పోయి, లేదా హాస్టలులో నుండి, రికార్డులు రాసి, 2022 నాటి నిబంధనలు తెచ్చిన ఎగ్జిట్ పరీక్షను దాటి. 'రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని' అని అధ్యాహారము.

మందు పేరు తెలిసి = ప్రతి మందునకు పుట్టుపేరు వేరు, కంపెనీ పెట్టిన పేరు వేరు. పారాసిటమాల్ పుట్టుపేరు, డోలో, కాల్పాల్, క్రోసిన్ అనునవి కంపెనీల పేర్లు. లోన ఉన్నది ఒక్కటే యని తెలియనివాడు ఒకే జ్వరమునకు మూడింటిని కట్టియిచ్చి కాలేయమునకు కీడు చేయును.

మాత్ర లెంచి = ఛందస్సులోని మాత్రలు గావు, స్ట్రిప్పులోనివి. ఎంచుట సులభము, కత్తిరించుట విద్య. ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచి నంబరు ఉన్న కొస చివరి వరకు మిగులునట్లు కత్తెర నడపవలెను. ముందు గడువు తీరునది ముందు అమ్ముడుపోవలెను. ఇన్సులినును ఫ్రిజ్జులో 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉంచవలెను. చట్టము గట్టిగా కట్టడి చేసిన షెడ్యూల్ హెచ్‌1 మందులైనచో ఎవరికి, ఎవరి చీటిపై, ఎన్ని ఇచ్చినదీ వేరు రిజిస్టరులో రాసి మూడేండ్లు దాచవలెను.

చీటి రాసినోడి చేవ్రాలు = వైద్యుని దస్తూరి. 'రాసినోడి' అనుట గ్రామ్యమని పండితులు తప్పుపట్టవచ్చును. ఆత్మకూరు బజారులో 'వ్రాసినవాని' అనినచో ముందు జ్వరమున్నదేమో చూతురు. చీటి స్పష్టముగా, వీలైనంతవరకు పెద్ద ఇంగ్లీషు అక్షరములలో రాయవలెనని మెడికల్ కౌన్సిల్ 2016లో విధించెను. దస్తూరి వలని కీడు లోకవ్యాప్తము: లోసెక్ అను కడుపు మందును లాసిక్స్ అను మూత్రము మందుగా పొరబడుట చేత, అమెరికాలో 1990లో లోసెక్ పేరునే మార్చి ప్రైలోసెక్ చేసిరి.

చదివేటి = చదివి చెప్పునట్టి. చీటి నిండ లాటిను పొడి అక్షరములు: ఓడీ అనగా రోజుకొకసారి, బీడీ అనగా రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పండుకొనునపుడు, ఎస్ఓఎస్ అవసరమైనపుడే. ఉన్నది ఉన్నట్లు చదివి "ఇది బీడీ" అనినచో "బీడీ మానేసి శానా దినాలాయ నాయనా" అని బదులు వచ్చును. "పొద్దున సంగటి తిన్నాక ఒకటి, మాపటికి తిన్నాక ఒకటి, పెద్దాయనా" అనినగాని చీటి చదివినట్లు కాదు.

పూర్వపక్షము

ఆరు నెలలు కౌంటరు వెనుక నిలిచిన కుర్రవాడు ఏ మందు ఏ అరలో నున్నదో కన్నుమూసి తీయును గదా, వానికేమి కొరత? మరియు అమెరికాలో కెరీర్ కాలేజీలలో చిన్న కోర్సు చదివిన ఫార్మసీ టెక్నీషియన్లు మాత్రలు లెక్కపెట్టుట లేదా?

సిద్ధాంతము

అమెరికా మాట ముందు. అక్కడ టెక్నీషియను సిద్ధము చేసినదానిని సాధారణముగా ఫార్మసిస్టు సరిచూచిన పిదపనే రోగి చేతికిత్తురు. ఇక్కడ డీఫార్మసీ చదివి నమోదైనవాడు తానే ఫార్మసిస్టు. అతని వెనుక సరిచూచువాడు లేడు.

ఇక కుర్రవాని మాట. వానకాలమున ఒకరు వచ్చి "జొరం, ఒళ్లునొప్పులు, ఒక సెట్టు ఇయ్యి" అనిరి. కుర్రవాడు పారాసిటమాల్‌తో బాటు డైక్లోఫెనాక్ కలిపి పొట్లము కట్టును. చదివినవాడు ఇది డెంగీ కావచ్చునని తలచి, రక్తస్రావమును పెంచగల ఆ నొప్పిమాత్రను ఆపి, డాక్టరు కడకు, రక్తపరీక్షకు పంపును. మందిచ్చుట కౌంటరు నేర్పును. ఇవ్వకుండుట చదువు నేర్పును.

అలంకారము

1948 నాటి ఫార్మసీ చట్టము 42వ సెక్షను ప్రకారము వైద్యుని చీటిపై మందిచ్చుట రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని. అయినను సర్టిఫికెట్టు గోడన వ్రేలాడుచుండ, దాని సొంతదారు వేరొక ఊర నుండ, మందులు అమ్ముడుపోవు కొట్లు అక్కడక్కడ గలవు. కారణము లేకయే కార్యము జరుగుట గనుక విభావనాలంకారము. చదువు, రిజిస్ట్రేషను ఉండియు కొలువు లేక, ఆ కాగితమును నెల అద్దెకిచ్చి ఇంట కూర్చొనుట విశేషోక్తి. కారణముండియు కార్యము లేదు గనుక. ఈ రెండును ఒకే కాగితమున నిలుచుటకు హేతువు, కాగితము అద్దె మనిషి జీతము కన్న తక్కువ యగుట.

తాత్పర్యము

ఇంటరు పిమ్మట రెండేండ్లు చదివి, మందుల పేర్లెరిగి, మాత్రలెంచి, వైద్యుని రాత చదివి చెప్పగల మనిషి ఎదుట లేని మందుల కొట్టు, అరలు నిండియున్నను, ఏసీ చల్లగానున్నను, బిల్లు కంప్యూటరులో వచ్చినను పాడు కొట్టే. కవి 'సర్టిఫికెట్టు లేని' అనక 'వాడు లేని' అనుటయే పద్యమునకు ప్రాణము. 'వాడు' అనునది ఛందస్సు కోసము. ఈ కోర్సు చదువు అమ్మాయిలకును సమానముగా వర్తించును.

ఫలశ్రుతి

ఈ పద్యము చదివినవారు చీటి చేతికిచ్చుటకు ముందు "ఇక్కడ ఫార్మసిస్టు ఎవరప్పా?" అని అడుగుదురు గాక. రోజుకు పదిమంది ఇట్లడిగినచో కాగితము అద్దె కన్న మనిషి జీతమే లాభమని యజమానికి తోచును. చదివిన బిడ్డకు ఊరిలోనే కొలువు దొరకును. పెద్దాయనకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవలెనో తెలియును. అడిగినందుకు కసురుకొన్నచో, బజారులో ఇంకొక కొట్టు గలదు.