పేర్లను చేత్తో రాసుకోండి

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది. కోస్గిలో మా ఆన్‌లైన్ షాపు సిస్టమ్‌ను ఆ వారమే 11కి మార్చాను. తెల్లారి షట్టర్ లేపి చూస్తే ఒక్క సైటూ తెరుచుకోలేదు. రూటర్ లైట్లు పచ్చగానే ఉన్నాయి. పింగ్ 8.8.8.8 అని కొడితే జవాబు టకటకా వచ్చింది, సైటు పేరు కొడితే దొరకలేదంది. అంటే నెట్ ఉంది, పేరును నంబరుగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ అందడం లేదు. మీకూ ఇలా అయితే దాన్ని బాగుచేసే పని పెట్టుకోకండి.

అడాప్టర్ సెట్టింగుల్లో పాత డీఎన్‌ఎస్ నంబరు మిగిలిందేమో చూడు, ఆటోమేటిక్‌లో పెట్టు, పాత వీపీఎన్ తీసెయ్ అని అందరూ చెబుతారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది కూడా. రేపు ఇంకో అప్‌డేట్ వచ్చి చెడగొడితే? మళ్లీ ఎవరి దయ కోసమో చూడాలి.

లావుపాటి నోటుబుక్కు ఒకటి కొనండి. పక్క సిస్టమ్‌లో, పేరు ఇస్తే నంబరు చెప్పే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ కొట్టి, ఎడమవైపు నంబరు, కుడివైపు పేరు రాసుకోండి. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్టమ్32లో డ్రైవర్స్, అందులో ఈటీసీ, అక్కడున్న హోస్ట్స్ ఫైల్‌లో అవే వరుసలు ఎక్కించండి. సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ తోక తగిలితే ఫైల్ పనిచేయదు. ఒక సైటుకు ఒక పేరు చాలదని కూడా గుర్తుంచుకోండి. బొమ్మలకొకటి, డబ్బు కట్టే పేజీకొకటి వేరేవి ఉంటాయి. మొదటిరోజు నాకు రాత్రి పదకొండయింది, 146 పేర్లు తేలాయి. ఓపిక పట్టండి.

ఇది పెద్దలు నడిపిన పద్ధతే. ఇంటర్నెట్‌కు ముందటి ఆర్పానెట్ రోజుల్లో అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉంచి చూసుకునేది. కంప్యూటర్లు పెరిగి ఆ జాబితా మోయలేనంత అయ్యాక, 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. ప్రపంచానికి బరువు కావచ్చు. కోస్గిలో ఒక్క షాపుకు బరువేంటి?

నంబర్లు మారవా అంటారు. మారతాయి. 2019 ఫిబ్రవరిలో మా ఊరు మహబూబ్‌నగర్ నుంచి కొత్త నారాయణపేట జిల్లాలోకి వచ్చింది. బోర్డు మీద పాత జిల్లాకు తెల్లరంగు పూసి కొత్తది నేనే రాసుకున్నాను. అలాగే ప్రతి సోమవారం పొద్దున్నే వరుసలన్నీ సరిచూసుకోండి.

మొన్న గుండుమాల్ నుంచి ఒక అమ్మాయి హాల్‌టికెట్‌కు వచ్చింది. ఆ సైటు నంబరు రాత్రికి రాత్రే మారింది.

"అన్నా, పక్క షాపుల వస్తుందంట, పోనా?"

"జర కూసో చెల్లె."

పాత నంబరు కొట్టేసి పక్కన ఎర్ర పెన్నుతో కొత్తది రాశాను, ఫైల్‌లో ఎక్కించాను. నలభై నిమిషాలు పట్టింది. కాగితం ప్రింటర్‌లోంచి వేడిగా బయటికొచ్చింది. నోటుబుక్కులో అది 31వ వరుస, పక్కన తేదీ కూడా వేసుకున్నాను.