రెడ్డు ఆత్మకథ

నారాయణగూడలోని యొక అంగడిలో తొమ్మిది తెల్లకాయలతోను తొమ్మిది నల్లకాయలతోను కూడ కొనబడి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకొను కుఱ్ఱవాండ్ర గదికి చేరిన క్యారమ్ ఎఱ్ఱకాయను నేను. నన్నందఱును రెడ్డు అందురు. ప్రతివాని స్ట్రైకరును నావైపే తిరిగియుండెడిది. అయినను నన్ను గుంటలో వేసినంతనే చాలదు. వెంటనే తన కాయ నొకదానిని వేసి ఫాలో చూపవలెను, లేనిచో నేను మరల బల్లనడుమకు వచ్చి కూర్చుందును.

శనివారపు రాత్రులు ఆ గదిలో పోకరు ప్రవేశించిన పిదప నాకు క్రొత్త కొలువు దొరకెను. రూపాయలతో ఆడుదమని యొకడనగా, పాలిటీని కంఠస్థము చేసిన వేఱొకడు, 1967లో సికింద్రాబాదులోని యొక క్లబ్బు కేసున రమ్మీ ప్రధానముగ నైపుణ్యక్రీడయని సుప్రీంకోర్టు చెప్పినను, తెలంగాణలో 2017 నాటి చట్టసవరణ తరువాత నైపుణ్యపుటాటకైనను పందెమొడ్డుట నేరమేనని అనర్గళముగ ఉపన్యసించెను. (ఉద్యోగము రాకున్న మానె, కేసు రాకూడదు గదా!) కావున చిప్సుకు బదులు చింతపిక్కలును, ధనమునకు బదులు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ఫ్యాను క్రింది కుర్చీయును నిశ్చయమయ్యెను. గతవారము గెలిచినవాని ముందు నన్నుంతురు. అతనిని ఆటనుండి వెడలగొట్టినవాడు నన్ను గైకొనును. ఓడినవాడు వారము దినములు తెల్లవారకమున్నే పోయి వానికొఱకు వరుసలో నిలిచి చోటు పట్టవలెను.

నన్ను మొదట ముందుంచుకొన్నవాడు బ్లఫ్‌లో దిట్ట. పాట్‌లో పది పిక్కలుండగా, కడపటి ముక్క స్పేడు కాక ఫ్లష్ తప్పిపోయినను, తనకు మిగిలిన యిరువదింటిని ముందుకు త్రోసెను. ఎదుటివాని కున్నది నాలుగుల జత మాత్రమే. ఇరువది పెట్టి ముప్పది గెలుచు బేరమునకు నూటికి నలువది పాళ్లు ఆశ యుండవలెను. కాని వారమంతయు ఫ్యాను క్రింద కూర్చుండుట పది పిక్కలకు సమానమని వాడు గణించుకొనగా, ఆ నలువది ముప్పదిమూడయ్యెను. బొటనవ్రేలి గోరు కొఱుకుచు వాడు ముక్కలను గాక నన్నే చూచి చూచి, "కాల్" అనెను.

నేను చేతులు మారి మారి, కొన్ని వారములకు మరల ఆ మొదటివాని ముందుకు వచ్చునప్పటికి ఆ మనిషి వేఱు. ప్రతి పంపకమునకు మున్ను పరుల పిక్కల కుప్పలను కంటితోనే కొలిచెడివాడు. తనకంటె పెద్దకుప్ప గలవానిపై బ్లఫ్ పూర్తిగ మానెను; వాడెట్లును నాకై వచ్చును గనుక, మంచి జత పడినప్పుడు మునుపటికి రెట్టింపు పెట్టి, నా మీది మోహమునకు వెల వసూలు చేసెను. చిన్నకుప్పవాడు గెలిచినను అతనిని వెడలగొట్టలేడు, నేను దక్కను. ఫాలో లేనివాని దుస్థితియే. అట్టివారిపై మాత్రము పాతవిద్య సాగుచునే యుండెను. ఒకసారి ఇద్దఱు పెద్దకుప్పలవారు తన వెనుక మిగిలియుండగా ఏస్-పది నట్లే పారవైచెను. తక్కినవారు పిఱికి యని నవ్విరి. నాకు మాత్రము ముచ్చట వేసెను.

ఆ రాత్రి నన్నెవ్వరును గెలువలేకపోయిరి. రెండునాళ్లకు క్యారమ్ ఆడ కూర్చున్నవారు నన్ను గానక మంచముల క్రింద వెదకిరట. నేనప్పుడతని చొక్కాజేబులో, గ్రంథాలయపు ఫ్యాను క్రింద, పుటలు తిరుగు సవ్వడి వినుచుంటిని.