ఓడ టికెట్టుకు టీకా తాత్పర్యం

మూలం: ప్రయాణికులు చెల్లుబాటులోనున్న పాస్‌పోర్టు, అవసరమైన వీసాలు, తగిన ఇతర పత్రములు కలిగియుండవలెను. లేనివారిని ఎక్కనీయము. సొమ్ము వాపసు లేదు.

అవతారిక: కాళిదాసు కావ్యాలకు మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి టీకలు రాశాడు. విదేశాలకు వెళ్ళే క్రూయిజ్ టికెట్టు కింద చీమతలంత అక్షరాల్లో ఉండే ఈ మూడు వాక్యాలకు టీక లేకపోవడం లోకానికి లోటే. ఆ లోటు తీర్చబూనిన ప్రస్తుత టీకాకారుడు పాండిత్యంలో సూరిగారి కాలిగోటికి చాలడు. మూలగ్రంథకర్త ఎవరో తెలియరాలేదు. శైలిని బట్టి లాయరై ఉంటాడని పండితుల ఊహ.

చెల్లుబాటులోనున్న: గడువు తీరనిది అని వాచ్యార్థం. ఈ అర్థాన్ని నమ్ముకుని రేవుకు వెళ్ళినవారు అటునుంచి అటే ఇంటికి వచ్చారు. సింగపూర్, మలేసియా వంటి దేశాలు తమ గడప తొక్కేనాటికి పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల ఆయుష్షు ఉండాలంటాయి. పెద్దల పాస్‌పోర్టు 10 ఏళ్ళు బతుకుతుంది, పిల్లలది 5 ఏళ్ళే. తల్లిదండ్రులు తమ పుస్తకాలు చూసుకుని నిశ్చింతగా ఉంటారు. గండం పిల్లవాడి పుస్తకంలో ఉంటుంది.

పాస్‌పోర్టు: తెలుగువాళ్ళను ఇందులో గడువు కన్నా పేరు ఎక్కువగా పట్టుకుంటుంది. ఇంటిపేరును బడి రికార్డుల్లో ఒక్క అక్షరానికి కుదిస్తారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండిపోతుంది. అలాంటి పుస్తకం పట్టుకుని అమెరికా వీసాకు వెళితే, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదని దాని భావం. బారసాల చేసి, బియ్యంలో రాసి పెట్టిన పేరు కాన్సులేటుకు తెలియదట! టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంటే ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. దుబాయ్‌లో ఓడ ఎక్కాలనుకున్నవారికి మాత్రం నవ్వు రాదు. 2022 నవంబరు 21 నుంచి ఒంటిపేరు పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను యూఏఈ రానివ్వడం మానేసింది. పాస్‌పోర్టులో మరోచోట తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని తర్వాత కాస్త మెత్తబడింది.

అవసరమైన వీసాలు: సూత్రానికి ఆయువుపట్టు ఇదే. ఎవరికి అవసరం, ఏ దేశానికి, ఎన్నిసార్లకు అనే మూడు ప్రశ్నలనూ గ్రంథకర్త పాఠకుడి అధ్యాహారానికి వదిలి చేతులు దులుపుకున్నాడు. ఇది శబ్దలాఘవం కాదు, బాధ్యత తప్పించుకోవడమని టీకాకారుడి అభిప్రాయం.

ఓడ మారకపోయినా దారి మారితే శాస్త్రం మారుతుంది. 2022 జూన్‌లో కోర్డేలియా అనే క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్ నౌక చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి దారిలో తిరిగింది. దేశంలోని ప్రయాణమే కాబట్టి మనవాళ్ళకు పాస్‌పోర్టుతో పని లేదు. 2023 జూన్‌లో అదే నౌక అదే చెన్నై నుంచి శ్రీలంకలోని హంబన్‌తోట, ట్రింకోమలీ రేవులకు బయల్దేరింది. పాస్‌పోర్టు తప్పనిసరైంది.

పూర్వపక్షం: సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగేవారికి చిక్కేముంది? థాయ్‌లాండ్ 2023 నవంబరులోనూ, మలేసియా డిసెంబరులోనూ భారతీయులకు వీసా అక్కర్లేదన్నాయి కదా!

సమాధానం: సింగపూర్ అనలేదు. పైగా ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశిస్తున్నారు, ఒకసారి విమానంలో, మరోసారి ఓడలో. ఆ వీసా రెండు ప్రవేశాలకూ పనికిరావాలి. వీసాలు కాక, ఈ దేశాలకు ఫోన్లో నింపే ఆగమన పత్రాలు వేరే ఉన్నాయి. వాటికి రుసుం లేదు. రుసుం అడిగే వెబ్‌సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని గ్రహించేది.

ఈ లెక్కే యూరప్‌లో ఇంకా కఠినం. గ్రీసులోని పిరేయస్‌లో ఎక్కినవారిని ఓడ టర్కీలోని కుశాదసి తీసుకెళ్ళి, ఎఫెసస్ శిథిలాలు చూపించి, మళ్ళీ గ్రీకు దీవులకు తెస్తుంది. శిథిలాల మధ్య ఫొటోలు దిగే ఆ పూట వాళ్ళు ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి షెంజెన్ ఎల్లలు దాటినట్టే. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా అప్పటికే ఖర్చయిపోయింది. టర్కీ అనుమతి సంగతి వేరే.

ఇక అమెరికా ఘట్టం. డాలస్‌లో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకోవాలి. భర్తది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, భార్యది దాని మీద ఆధారపడిన హెచ్‌4, పదేళ్ళ పాప అక్కడే పుట్టిన పౌరురాలు. మయామీలో ఎక్కి, బహామాస్‌లోని నసావు చూసి, మళ్ళీ మయామీలోనే దిగే ఓడకు పాప జనన ధ్రువపత్రంతో వెళ్ళిరావచ్చు. తల్లిదండ్రులకు పాస్‌పోర్టూ, దాని మీద గడువున్న వీసా స్టాంపూ ఉండాలి. స్టాంపు గడువు తీరి, ఆ దేశంలో ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం మాత్రమే మిగిలి ఉంటే? కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగివస్తే ఆ పాత స్టాంపే చెల్లే వెసులుబాటు ఉంది. కరీబియన్ దీవులకు అది హెచ్‌1బీ వారికి వర్తించదు, ఎఫ్‌1 విద్యార్థికి వర్తిస్తుంది. ఈ భేదానికి హేతువు చెప్పగల భాష్యకారుడు ఇంకా పుట్టలేదు.

అలాస్కా అమెరికాలోదే కదా, సియాటిల్ నుంచి వెళ్ళిరావడానికి వీసా ఎందుకని మరో పూర్వపక్షం. విదేశీ జెండా కట్టిన ఓడలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పరాదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే ఆ ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియాలో ఓ పూట ఆగుతాయి. ఆ పూట కోసం భారత పాస్‌పోర్టుదారుకు కెనడా వీసా కావాలి, గ్రీన్‌కార్డు ఉన్నవారికి అక్కర్లేదు. ఓడ దిగనంటే సరిపోతుందా? చాలా కంపెనీలు ఒప్పుకోవు.

తగిన ఇతర పత్రములు: బీమా, ఒక్కరి వెంటే వెళ్ళే పిల్లలకు రెండోవారి నోటరీ సమ్మతి, పెళ్ళయ్యాక పేరు మారితే ఆ రుజువు. ‘ఇతర’కు అంతు లేదు.

కలిగియుండవలెను: కొన్ని ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టు తీసుకుని దాచి, గది తాళానికీ బిల్లులకూ పనికొచ్చే కార్డొకటి చేతిలో పెడతారు. వాళ్ళే తీసుకున్నాక కలిగియుండుట ఎట్లు? జిరాక్సు కలిగియుండుట అని సమన్వయం.

ఎక్కనీయము: అమెరికా రేవుల్లో ప్రయాణికుల జాబితా ఓడ కదలడానికి కనీసం 60 నిమిషాల ముందు అధికారులకు చేరాలి. కౌంటరు అంతకన్నా ముందే మూసేస్తారు. అటుపైన బతిమాలినా ఫలితం ఉండదు.

సొమ్ము వాపసు లేదు: దీనికి టీక అక్కర్లేదు. మూలంలో విస్పష్టంగా ఉన్న వాక్యం ఇదొక్కటే.

తాత్పర్యం: డబ్బు కట్టకముందే ఓడ ఆగే రేవుల పట్టిక అడిగి తీసుకోండి. ప్రతి రేవు పక్కనా దేశం పేరు, మీ వీసా అక్కడ ఎన్ని ప్రవేశాలకు పనికొస్తుందో రాసుకోండి. “అవన్నీ మేం చూసుకుంటాం సార్” అని ఏజెంటు అంటే, ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.